కొఠియాను అడిగాకే గీత గీయాలి

2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లోనూ, ఒడిశా దక్షిణ జిల్లాల్లోనూ ఒకే రోజు పోలింగ్ జరిగింది. రెండు రాష్ట్రాలూ తమదేనంటున్న కొఠియా కొండ మీది ఓటరు ఆ రోజు ఇటు దిగితే సాలూరు అసెంబ్లీకి, అరకు లోక్‌సభకు ఓటు వేయాలి. అటు నడిస్తే పొట్టంగి అసెంబ్లీకి, కోరాపుట్ లోక్‌సభకు వేయాలి. రెండు జాబితాల్లోనూ పేరుంది. ఒక మనిషి పేరు రెండు నియోజకవర్గాల్లో ఉండకూడదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతోంది. ఆ పేరును రెండు చోట్లా రాసింది మాత్రం ఆ మనిషి కాదు, రెండు ప్రభుత్వాల సిబ్బంది. చట్టం దృష్టిలో తప్పు మాత్రం ఆ గిరిజనుడి మెడకే చుట్టుకుంటుంది.

బయటివాళ్లకు ఇదొక వింత కబురు. రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు, రెండు వైపులా పథకాలు, ఇంకేం కావాలి అని అడిగేవాళ్లు కింద పట్నాల్లో బోలెడుమంది. ఆంధ్రలో వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలైంది కాబట్టి ఆ మాట మరింత గట్టిగా వినిపిస్తోంది. కానీ రేపు ఏ రాష్ట్రంలో తేలతాడో తెలియని మనిషి రెండు కార్డులూ భద్రంగా దాచుకోవడాన్ని దురాశ అనడం అన్యాయం. ఒక రాష్ట్రం కార్డు వదులుకున్న మర్నాడు కోర్టో, పార్లమెంటో ఊరిని ఆ రాష్ట్రానికే ఇచ్చేస్తే? ఆ ప్రశ్నకు ఇవాళ జవాబివ్వగల తహసీల్దారు రెండు వైపులా ఒక్కరూ లేరు. అలాంటప్పుడు రెండూ ఉంచుకోవడం ముందుచూపు, అంతే.

కొఠియా ఎక్కడుందో తెలియాలంటే సాలూరు నుంచి మొదలుపెట్టాలి. పార్వతీపురం మన్యం జిల్లాలోని సాలూరు లారీల ఊరుగా పేరుపడింది. విజయనగరం నుంచి రాయపూర్ వెళ్లే జాతీయ రహదారి ఇక్కడే ఘాట్ ఎక్కి, సుంకి దగ్గర ఒడిశాలో పడుతుంది. ఆ రోడ్డుకు ఎడంగా, కొండల మడతల్లో ఉన్నవే కొఠియా గ్రామాలు. లెక్కకు 21 అంటారు, శివారు పల్లెలు కలిపితే ఇంకా ఎక్కువ. అక్కడుండేది కొండదొరలు, జాతాపులు, కోందులు, పరజలు, గదబలు. గెడ్డ పారే చోట వరి, మిగతా వాలు మీద చోళ్లు, సామలు, అల్లం, పసుపు. అడవి నుంచి చింతపండు, కొండచీపుళ్లు, అడ్డాకులు. సంక్రాంతి దాటాక కొండచీపురు కోతకొస్తుంది. కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి నెత్తిన పెట్టుకొని సంతకు దిగుతారు. అడ్డాకును సన్నటి పుల్లలతో కుట్టి విస్తళ్లు చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. సంతలో కొనేవాడు తెలుగువాడైనా ఒడియావాడైనా ధర దగ్గర తేడా ఏమీ చూపడు. ఇద్దరి దగ్గరా బేరం గీసి గీసే చేస్తారు. సరిహద్దు తగవు ఇన్నేళ్లుగా సంతను ఒక్క వారం కూడా రెండుగా చీల్చలేకపోయిందంటే, ఆ కొండల మీద బతుకు ఎటు అల్లుకుందో అర్థమవుతుంది.

సంత కలిపినదాన్ని ఆస్పత్రి విడదీస్తుంది. రోడ్డు చేరని పల్లెలో నిండు చూలాలికి నొప్పులొస్తే డోలీయే దిక్కు. గట్టి వెదురు బొంగుకు దుప్పటి ఉయ్యాలలా కట్టి, అందులో ఆమెను కూర్చోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజానికెత్తుకుంటారు. దారి జారుడు కాబట్టి మార్చుకునేందుకు మరో ఇద్దరు వెంట నడుస్తారు. రోడ్డు మీదికి వచ్చాక అసలు చిక్కు మొదలవుతుంది. సాలూరుకా, పొట్టంగికా? కార్డు ఎటుది, కాన్పు ఎక్కడ నమోదవుతుంది, పుట్టిన బిడ్డకు జనన ధ్రువపత్రం ఏ రాష్ట్రం ఇస్తుంది, దాన్ని బట్టి రేపు కుల ధ్రువీకరణ ఎవరివ్వాలి? ఈ నిర్ణయాలన్నీ అప్పటికప్పుడు, ఆ రోడ్డు పక్కన జరిగిపోతాయి. ఒకే తల్లి బిడ్డల్లో ఒకరు ఆంధ్రలో, మరొకరు ఒడిశాలో పుట్టినట్టు కాగితాల్లో ఉండే అవకాశం ఇలాగే వస్తుంది.

ఈ ముడి 1936 ఏప్రిల్ 1న పడింది. అంతకుముందు ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ, విశాఖపట్నం జిల్లా. 1839 చట్టంతో కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి తప్పించి, కలెక్టరును గవర్నరు ఏజెంటుగా పెట్టి పాలించారు. మనం నేటికీ ‘ఏజెన్సీ’ అంటున్నది అక్కడి నుంచి వచ్చిన మాటే. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు జయపురం సంస్థానాన్నీ, పొట్టంగి తాలూకాలో ఆ సంస్థానానికి చెందని భాగాన్నీ అటు ఇచ్చారు. సాలూరు, పార్వతీపురం ఇటే ఉండిపోయాయి. అంటే జమీందార్ల పాత హద్దులే రాష్ట్రాల కొత్త హద్దులయ్యాయి. మైదానంలో ఆ హద్దులు కరణాల లెక్కల్లో ఉండేవి. కొండ మీద సంగతి వేరు. పోడు ఎక్కడ కొడితే అక్కడి వరకు ఊరు. శిస్తు అడగడానికి ఏ జమీ మనుషులు వస్తే వాళ్లదే పెత్తనం. కొఠియా గ్రామాలను సరిగా సర్వే చేయకుండానే రెండు రాష్ట్రాలు విడిపోయాయి. తప్పు జరిగింది అక్కడ. దానికి కారణమైన దొరలు, జమీందార్లు ఎప్పుడో పోయారు, మూల్యం మాత్రం మూడు నాలుగు తరాలుగా కొండ మీదివాళ్లే చెల్లిస్తున్నారు.

ఆ గీత తెలుగువాళ్లనూ కోసింది. పర్లాకిమిడి పట్టణం ఒడిశాకు పోయింది, పాతపట్నం, టెక్కలి ఇటు మిగిలాయి. ఏళ్ల తరబడి పర్లాకిమిడిలో పాఠాలు చెప్పి, సవర భాషకు నిఘంటువు కూర్చి, వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి ఆ విభజనను ఒప్పుకోలేక 1936లో ఊరు వదిలి రాజమండ్రి చేరారు. 1940లో కన్నుమూసే దాకా మళ్లీ అక్కడ కాపురం పెట్టలేదు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ మరో దారి చూపారు. ఆయన తెలుగులోనూ, ఒడియాలోనూ పండితుడు. సంస్థానం ఒడిశాలో కలిసినా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయల విరాళం ఆపలేదు. విశాఖలో సైన్సు కళాశాలకు ఆయన పేరే పెట్టారు. సరిహద్దు మారినా సంబంధం తెగనక్కర్లేదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. రెండు రాష్ట్రాల అధికారులకు కొఠియా వెళ్లే ముందు ఈ చరిత్ర చెప్పి పంపితే బాగుండును.

తగవు 1968లో సుప్రీంకోర్టుకు ఎక్కింది. ఒడిశా దావా వేసింది. ఆ ఏడాది డిసెంబరులోనే, ఎక్కడివాళ్లు అక్కడే ఉండండి, యథాతథ స్థితి పాటించండి అని కోర్టు ఇద్దరికీ చెప్పింది. ఆ తర్వాత 37 ఏళ్లు గడిచాయి. రాజ్యాంగానికి ముందు నాటి ఒప్పందాల మీద వచ్చే తగాదాలు 131వ అధికరణం కిందికి రావన్న అభ్యంతరం మీద 2006 మార్చిలో దావా ముగిసింది. దావా తేలింది, ఊళ్లు తేలలేదు. యథాతథ స్థితి అన్న మాట కోర్టు కాగితం మీద న్యాయంగానే ఉంటుంది. కొండ మీద దాని అర్థం వేరు. ఒకరు రోడ్డు వేస్తే రెండోవాళ్లు అడ్డుపడతారు. ఒకరు బోర్డు పాతితే రెండోవాళ్లు పీకేస్తారు. జాతీయ జెండా ఎగరేయడానికి వెళ్లిన సిబ్బందికి సైతం పోలీసు రక్షణ కావాలి. పనులు ఆగుతాయి, పోటీ మాత్రం ఆగదు.

2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడ మూడు పంచాయతీలకు ఎన్నికలు జరిపినప్పుడు ఒడిశా మళ్లీ సుప్రీంకోర్టుకు వెళ్లింది, ఈసారి కోర్టు ధిక్కార పిటిషన్‌తో. ఆ మూడు పంచాయతీలు మన రికార్డుల్లో గంజాయిభద్ర, పట్టుచెన్నేరు, పగులుచెన్నేరు. అటు రికార్డుల్లో తలగంజెయిపదర్, ఫటుసినేరి, ఫగునసినేరి. ఊరి పేరు దగ్గరే ఇంత తేడా ఉంటే, ఆ ఊరివాడు బ్యాంకుకో, కాలేజీకో రెండు రాష్ట్రాల కాగితాలు పట్టుకెళ్లినప్పుడు కౌంటరు వెనకున్న మనిషి ఏమంటాడో ఊహించడం కష్టం కాదు. అదే ఏడాది నవంబరు 9న ముఖ్యమంత్రులు జగన్మోహన్ రెడ్డి, నవీన్ పట్నాయక్ భువనేశ్వర్‌లో కూర్చొని, వంశధార మీది నేరడి బ్యారేజీ, జంఝావతి ప్రాజెక్టులతో పాటు కొఠియా మీదా మాట్లాడారు. ప్రధాన కార్యదర్శులతో సంఘం వేద్దామనుకున్నారు. చాలా ఏళ్ల తర్వాత వచ్చిన మంచి మాట అది. దాని వల్ల కొండ మీద మారిందేమీ లేదు.

అసలు విషయం రేషనూ, పింఛనూ కాదు, భూమి. సరిహద్దు ఎటు తేలితే ఆ వైపు భూమి చట్టం ఆ కొండకు వర్తిస్తుంది. ఆ రెండు చట్టాలూ ఒకటి కావు. శ్రీకాకుళం గిరిజన పోరాటం రగులుతున్న రోజుల్లో ఆంధ్రప్రదేశ్ తెచ్చినది 1970 నాటి ఒకటో రెగ్యులేషన్, అందరూ ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అనేది. ఏజెన్సీలో గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి పోకూడదనడంతో అది ఆగలేదు. గిరిజనేతరుల మధ్య చేతులు మారడాన్ని కూడా నిషేధించింది. భూమి ఎవరి చేతిలో ఉన్నా అది గిరిజనుడిదేనని మొదట అనుకోవాలని చెప్పింది. ఒడిశాకూ గట్టి చట్టమే ఉంది, 1956 నాటి రెండో రెగ్యులేషన్. 2002లో దాన్ని సవరించి బిగించారు కూడా. అయినా గిరిజనేతరుల మధ్య లావాదేవీల మీద ఆంధ్రలో ఉన్నంత కట్టడి అక్కడ లేదు. కొఠియా రైతుకు ఈ తేడా అక్షరాలా చేను తేడా. ఒక రాష్ట్రం ఇచ్చిన పట్టా రెండో రాష్ట్రం అడంగల్‌లో ఎక్కదు. ఎక్కకపోతే ఆ పట్టా పెట్టి అప్పు తేలేడు, నష్టపరిహారం అడగలేడు, కొడుక్కు రాసివ్వలేడు. రెండేసి కార్డులున్న ఇంట్లో చేనుకు గట్టి కాగితం ఒక్కటీ ఉండదు.

ఇక ఖనిజాలు. ఈ పట్టుదలంతా కొండ కింది మాంగనీసు, బాక్సైట్ కోసమేనన్న మాట రెండు వైపులా ఉంది. అది పూర్తిగా నిజమైనా కాకపోయినా, కోరాపుట్ జిల్లా దామన్‌జోడి దగ్గర నాల్కో ఎన్నో ఏళ్లుగా బాక్సైట్ తవ్వుతోంది. కొఠియాకు పొరుగున ఉన్న పొట్టంగిలోనూ కొత్త గనికి దారి వేసుకుంది. మన వైపు అనంతగిరి మండలం బొర్రా ప్రాంతం నుంచి వెళ్లిన సమత కేసులో సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన తీర్పు, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవంది. ఆ తీర్పుకు ఆధారం ఆంధ్ర చట్టం. తమ చట్టం వేరు కాబట్టి అది తమకు వర్తించదన్నది ఒడిశా వైఖరి. అంటే మ్యాపు మీద గీత ఒక వేలెడు ఇటు జరిగితే ఆ కొండకు సమత తీర్పు అండ ఉంటుంది, అటు జరిగితే అది వాదనలో పడుతుంది. ఈ సంగతి దాచిపెట్టి ఊళ్లు మావంటే మావని వాదించుకోవడం ఆ ఊళ్లకు చేసే మేలు కాదు.

ఊళ్లు ఎవరివో భాషను బట్టి తేల్చుదామంటే అదీ కుదరదు. తెలుగువాళ్లకూ, ఒడియావాళ్లకూ ఇద్దరికీ ఇది మింగుడుపడని నిజం. కొఠియాలో చాలా ఇళ్లలో మాట్లాడేది కువి, కొన్నింట వేరే గిరిజన భాషలు. సంతలో తెలుగు, కొండ మీద దేశియా ఒడియా అక్కరకొస్తాయి. గిరిజన పిల్లలకు తొలి తరగతులు అమ్మ భాషలోనే చెప్పాలని రెండు రాష్ట్రాలూ అనుకున్నాయి, రెండూ కువిలో వాచకాలు తయారు చేయించాయి. మనవాళ్లు తెలుగు లిపిలో, వాళ్లు ఒడియా లిపిలో. బడి ఏ రాష్ట్రానిదన్నదాన్ని బట్టి ఒకే ఊరి పిల్లలు ఒకే భాషను రెండు లిపుల్లో నేర్చుకుంటారు. ఆరో తరగతికి దారులు పూర్తిగా విడిపోతాయి. రెండు శాఖల పంతుళ్లు నెలకోసారి కలిసి మాట్లాడుకోవడానికి కోర్టు అనుమతి అక్కర్లేదు. ఇలాంటి చిన్న పనులు కూడా జరగకపోవడం చూస్తే బాధ కలుగుతుంది.

పరిష్కారం లేని తగవేం కాదిది. తెలుగువాళ్లకు బాగా గుర్తుండాల్సిన ఉదాహరణ ఒకటుంది. ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల మధ్య తిరుత్తణి, పుత్తూరు ప్రాంతాల మీద పెద్ద గొడవే నడిచింది. హెచ్.వి. పటాస్కర్ మధ్యవర్తిగా కూర్చొని, తాలూకాను కాక గ్రామాన్ని యూనిట్‌గా తీసుకొని, ఊరికి ఊరు ఆనుకొని ఉందా, జనం ఏ భాషవారు అని చూసి గీత గీశారు. పార్లమెంటు 1959లో చట్టం చేసింది, 1960 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. తిరుత్తణి అటు పోయింది, కొన్ని ఊళ్లు ఇటు వచ్చాయి. ఎవరికీ పూర్తి సంతోషం కలగలేదు, కానీ ఆ ఊళ్ల రైతు ఏ కచేరీకి వెళ్లాలో ఆ రోజు నుంచి స్పష్టమైంది. కొఠియాకు కావాల్సింది ఆ స్పష్టతే. మూడో అధికరణం కింద హద్దులు మార్చే అధికారం పార్లమెంటుకు ఉంది. పటాస్కర్ నాటి భాషా కొలత ఇక్కడ పనికిరాదు కనుక దాని స్థానంలో గ్రామసభను పెట్టాలి.

గ్రామసభంటే గిరిజనులకు ఏం తెలుస్తుంది అనేవాళ్లు పక్కనే ఉన్న రాయగడ జిల్లాను చూడాలి. నియమగిరి మీద బాక్సైట్ తవ్వకం సంగతి గ్రామసభలే తేల్చాలని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్‌లో చెప్పింది. ఆ వేసవి దాటాక రాయగడ, కలహండి జిల్లాల్లో 12 గ్రామసభలు జరిగాయి. 12కు 12 వద్దన్నాయి. అక్కడి డోంగ్రియా కోందులు మాట్లాడేదీ కువే. ఒక కంపెనీ గనిని తేల్చగలిగిన ఊరు, తన రాష్ట్రమేదో తేల్చుకోలేదా? అయితే అడిగే పద్ధతి నిజాయితీగా ఉండాలి. ఎవరు ఎంత పింఛను ఇస్తారన్న లెక్కతో పాటు భూమి చట్టం, గనుల లీజు, బడి భాష, అడవి హక్కు పత్రాలు రెండు వైపులా ఎలా ఉంటాయో వాళ్ల భాషలోనే విప్పి చెప్పి అడగాలి. ఏ వైపు తేలినా రెండు చట్టాల్లో ఏది గిరిజనుడికి ఎక్కువ రక్షణ ఇస్తే అదే కొనసాగుతుందని ముందే రాసివ్వాలి.

తెలంగాణకూ ఇలాంటి మూల ఒకటుంది. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంలోని పరందోళి, అంతాపూర్ పంచాయతీల ఊళ్లను మహారాష్ట్ర తమ చంద్రపూర్ జిల్లా జివతి తాలూకాలో లెక్కేస్తుంది. అక్కడా రెండు ఓట్లు, రెండు కార్డులు, రెండు రాష్ట్రాల సర్పంచులు. 2024లో చంద్రపూర్ లోక్‌సభ పోలింగ్ ఏప్రిల్ 19న జరిగితే, ఆదిలాబాద్‌ది మే 13న జరిగింది. అక్కడ జనం మరాఠీ మాట్లాడతారు, చేలు తెలంగాణ అడవి రికార్డుల్లో ఉంటాయి. పట్టా కథ మళ్లీ అదే.

కొఠియా విషయంలో ఇప్పుడు రాజకీయంగా కాలం కలిసొచ్చింది. చంద్రబాబు నాయుడు, మోహన్ మాఝీ ఇద్దరూ ముఖ్యమంత్రులుగా ప్రమాణం చేసింది ఒకే రోజు, 2024 జూన్ 12న. ఇద్దరూ ఒకే కూటమి. మాఝీ స్వయంగా సంతాల్ గిరిజనుడు. సాలూరు ఎమ్మెల్యే గుమ్మడి సంధ్యారాణి ఆంధ్రప్రదేశ్ గిరిజన సంక్షేమ శాఖ మంత్రి. ఇంతమంది ఒకే సమయంలో కుదరడం మళ్లీ జరుగుతుందో లేదో. 2021లో అనుకున్న సంఘాన్ని బతికించి, దానిలో రెవెన్యూ అధికారులతో పాటు ఆ 21 ఊళ్ల పెద్దలను, ఆడవాళ్లను కూర్చోబెట్టాలి. అది పని పూర్తి చేసేలోగా అంబులెన్సు ఎటుదైనా దగ్గరి ఆస్పత్రికి వెళ్లేలా, ఒకరు వేసిన రోడ్డును రెండోవాళ్లు ఆపకుండా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

గడువు కూడా దగ్గరలోనే ఉంది. రాబోయే జనగణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. ఒక మనిషిని ఒకసారే లెక్కించాలన్నది జనగణన మొదటి నియమం. కొఠియాకు ఇద్దరు ఎన్యూమరేటర్లు వెళితే ఆ నియమం తప్పుతుంది. ఎవరూ వెళ్లకపోతే ఊళ్లకు ఊళ్లే లెక్కలోంచి జారిపోతాయి. ఆ తర్వాత జరిగే నియోజకవర్గాల పునర్విభజనకు, గిరిజన నిధుల పంపకానికి ఆ అంకెలే పునాది. ఎన్యూమరేటర్ల నియామక ఉత్తర్వులు వెలువడే లోపే సాలూరు, పొట్టంగి తహసీల్దార్లు ఒకే బల్ల దగ్గర కూర్చొని, ఆ ఊళ్ల జాబితాను రెండు పేర్లతోనూ కలిపి రాసి, ఉమ్మడి బృందాన్ని కొండ మీదికి పంపాలి. ఆ బృందంలో కువి తెలిసిన మనిషి ఒక్కరైనా తప్పకుండా ఉండాలి.